దుబాసీ

“సగం వెనక్కి ఇవ్వాలని చెప్పు మీ నాన్నకి,” అన్నాడు యజమాని, కుర్చీలో వెనక్కి వాలుతూ.

పిల్ల కుర్చీ అంచుకి జరిగింది. బళ్లో హాజరు పలికితే వెనక బెంచీకి కూడా వినపడని గొంతు ఆమెది. కానీ ఇంట్లో ఈ దేశం భాష వచ్చింది తనొక్కదానికే. నాన్నకి నమస్కారం పెట్టడం, పని అయిపోయిందని చెప్పడం తప్ప ఇంకేమీ రాదు. పాల ట్యాంకులు వెల్డింగ్ చేసేవాడికి అంతకు మించి అక్కర్లేదని, మూడేళ్ల కిందట ఈ యజమానే వీసా ఇప్పించి రప్పించాడు.

ఇప్పుడు ఆ వీసా పొడిగించాలి. బయటి దేశం పనివాళ్లని రప్పించుకునే కంపెనీలు ఇంతకంటే తక్కువ జీతం ఇవ్వకూడదని ప్రభుత్వం ఒక గీత గీసింది. ఈ ఏడు ఆ గీత ఇంకా పైకి జరిగింది. దాని కిందికి జీతం రాస్తే వీసా రాదు. వీసా రాకపోతే ఇంటిల్లిపాదీ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

“కాగితం మీద పూర్తిగా రాస్తా. బ్యాంకులో పూర్తిగా వేస్తా. జీతం పడిన సాయంత్రం సగం తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టాలి. పాత పద్ధతే. అప్పుడు మూడో వంతు, ఇప్పుడు సగం. అంతే తేడా. చెప్పు.”

పిల్ల వంగి నాన్న చెవిలో చెప్పింది. నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన వేళ్లని నాన్న మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. తల దించుకుని, మెల్లగా ఏదో అన్నాడు.

“ఏమంటాడు?”

పిల్ల స్కూలు బ్యాగు పట్టీని గుప్పిట్లో బిగించింది.

“ఇవ్వనంటున్నారు సార్.”

మూలన కంప్యూటర్ ముందున్న లెక్కలాయన వేళ్లు టక్కున ఆగిపోయాయి.

“ఏంటీ?”

“ఇన్నాళ్లూ ఇచ్చింది చాలంటున్నారు. ఇకమీదట ఒక్క పైసా కూడా రాదంటున్నారు. ఆ జీతం మీరు పెట్టే ధర్మం కాదు, ట్యాంకు లోపల పొగ మింగి సంపాదించుకునేది అంటున్నారు.”

యజమాని ముందుకు వంగాడు. “రెండు ముక్కలు గొణిగాడు. అందులో ఇంతుందా?”

“మా భాషలో మాటలు పొట్టివి సార్.”

లెక్కలాయనకి దగ్గొచ్చింది.

“మరి తలెందుకు దించుకున్నాడు?”

“కోపమొస్తే మా నాన్న ఎవరి మొహమూ చూడరు.”

యజమాని పెన్నుతో టేబుల్ మీద రెండుసార్లు కొట్టాడు. “సరే, పాతవాడు కదా. ఆ మూడో వంతే కానివ్వమను.”

పిల్ల మళ్లీ వంగింది. ఈసారి నాన్న ఆమె మణికట్టు పట్టుకుని కాస్త ఎక్కువసేపే మాట్లాడాడు. మాట్లాడుతుంటే గొంతు వణికింది. వింటున్న పిల్ల కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి.

“ఏమంటాడే?”

“కాగితం మీద నేను పెద్ద జీతం తీసుకునే మనిషిని, నా కూతురు మాత్రం బళ్లో ఎవరో వదిలేసిన బూట్లు తొడుక్కుంటోంది, అంటున్నారు.” పిల్ల ఆగి ఊపిరి పీల్చుకుంది. “అది పైకి ఏమీ అనదు, కానీ అన్నీ చూస్తూనే ఉంటుంది, అంటున్నారు. ఇకమీదట ఆ పిల్ల ముందు తలొంచుకోలేనంటున్నారు.”

యజమాని అరచేత్తో టేబుల్‌ని చరిచాడు. టీ కప్పు ఎగిరిపడింది. “అంత పౌరుషముంటే రేపే విమానం ఎక్కమను! వెల్డర్లకేం కరువా?”

ఆ చప్పుడుకి నాన్న లేచి నిలబడ్డాడు. యజమానినీ కూతురినీ మార్చి మార్చి చూస్తూ గబగబా నాలుగు మాటలు అనేసి, “చెప్పు తల్లీ, చెప్పు,” అని ఆమె భుజం తట్టాడు.

పిల్ల కూడా లేచి నిలబడింది. ఈసారి ఆమె గొంతు గుమ్మం దాటి వరండాలోకి వినపడింది.

“ఎక్కుతామంటున్నారు సార్. కాకపోతే, వెళ్లే దారిలో కార్మిక శాఖ ఆఫీసు దగ్గర కాసేపు ఆగుతారట.”

యజమాని లేచి వెళ్లి వరండా తలుపు మూశాడు.

“ఒక్క మాట సార్,” అన్నాడు లెక్కలాయన, కుర్చీలోంచి సగం లేచి. “ఇది బయటపడితే వీసాలిప్పించే లైసెన్సే పోతుంది. మిగతా వెల్డర్లంతా ఆ లైసెన్సు మీదే కదా ఉన్నారు. పైగా డెయిరీ వాళ్ల ట్యాంకులు నెలాఖరుకి...”

“నాకు తెలుసులేవయ్యా, కూర్చో!”

యజమాని ఒప్పంద పత్రం లాక్కుని, పెన్ను కాగితంలోకి దిగబడేలా సంతకం పెట్టాడు. రెండో కాపీని పిల్ల ముందుకి విసిరాడు.

“పూర్తి జీతం. వెనక్కి ఏమీ తేనక్కర్లేదని చెప్పు. చూడ్డానికి పిల్లిలా ఉంటాడు, లోపల ఇంత పులి ఉందని ఎవరికి తెలుసు!”

“చెప్తాను సార్,” అంది పిల్ల.

గేటు దాటాక ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. నాన్న కాగితం విప్పి, చదవడం రాకపోయినా, ఆ సంతకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. ఎన్నో నెలల తర్వాత పైకి వినపడేలా నవ్వి, కూతురి తల నిమిరాడు.

“చూశావా తల్లీ, సగం ఇచ్చేస్తామని బతిమాలితే ఎవరైనా కరుగుతారు.”