రెండో రెక్క

చర్చి గోడెక్కి, ఆరాధనకొచ్చే వాళ్లందరికీ కోడిపుంజు "వందనాలు! వందనాలు!" అని కూస్తోంది. ఇంతలో గాలివాన మొదలైంది. చెట్టు మీది గూట్లోంచి ఓ కాకిపిల్ల బురదలో పడింది. పెట్ట పరుగెత్తుకెళ్లి, "రా నాన్నా, భయపడకు" అంటూ దాన్ని రెక్క కిందికి తీసుకుంది.

"సిగ్గుందా నీకు? దీని తల్లే కదా మొన్న నీ పిల్లని తన్నుకుపోయింది!" అని అరిచింది పుంజు.

"అవును. ఆ పిల్ల పడుకునే చోటే దీనికిచ్చాను."

"తరిమెయ్! లేకపోతే నువ్వూ ఈ ఆవరణలో ఉండొద్దు."

"తరమను. గోడెక్కి వందనాలు చెప్పడం నాకు రాదు, నాకు తెలిసిన ఆరాధన ఇదే. వెళ్లగొట్టాలంటే దిగొచ్చి వెళ్లగొట్టు!"

పుంజు రొమ్ము విరుచుకుని దిగింది. అప్పటికే తడిసి ముద్దై వణుకుతోంది.

పెట్ట రెండో రెక్క ఎత్తింది. "ముందు లోపలికి రా. వెళ్లగొట్టేది వాన తగ్గాక వెళ్లగొడుదువుగాని."