ఖాళీ గొట్టం

బిసోల్త్ మీట నొక్కాడు. తుపాకీ పక్కనుండే చిన్న గిన్నెలో పోసిన మందు భగ్గుమంది గానీ గొట్టం పేలలేదు.

వాగు దాటుతున్న అర్సమాక్ ఆ మంట చూశాడు. బిసోల్త్ తండ్రిని చంపింది అతనే.

"మీ అయ్య తుపాకీయేనా అది? ఆయనలాగే దానికీ నోరు పెగల్లేదే," అంటూ కత్తి దూసి మీదికొచ్చాడు. వెనకే అతని తమ్ముడు.

బిసోల్త్ గొట్టంలోకి ఇనుప కడ్డీ దించాడు. అది అడ్డులేకుండా జారి అడుగున ఖంగుమంది. నిన్న తన చేత్తో కూరిన మందూ లేదు, గుండూ లేదు.

కత్తి అతని భుజాన్ని చీల్చింది. రెండో వేటుకు చెయ్యి లేచేలోగా చెవి పక్కనే పిస్తోలు పేలింది. గొంతు చిల్లిపడి అర్సమాక్ నీళ్లలో కూలాడు. పొగలోంచి బిసోల్త్ తల్లి జాజు ముందుకొచ్చింది.

తమ్ముడు కత్తెత్తాడు. "తప్పుకో ముసలీ. నాకు నీ కొడుకు కావాలి."

"చంపింది నేను. వాడి తుపాకీలో గుండు కూడా లేదు, చూసుకో. నెత్తురుకు నెత్తురంటే నాదే తియ్యి. ఆడదాన్ని నరికొచ్చానని ఊళ్లో చెప్పుకో."

ఎత్తిన కత్తి అలాగే ఆగిపోయింది. అతను ఉమ్మేసి, అన్న శవాన్ని భుజాన వేసుకుని వాగు దాటాడు.

"గుండు నువ్వే తీశావు కదూ," అన్నాడు బిసోల్త్. "ఇక నన్ను మగాడని ఎవడంటాడమ్మా?"

జాజు తలగుడ్డ విప్పి అతని భుజానికి బిగించి కట్టింది.

"ఎవడూ అనడు. ఆ మాట అనిపించుకున్న మీ అయ్య శవాన్ని నేనే కడిగాను."