మెత్తని ట్రిగ్గర్

"బావగారూ, ఈ ట్రిగ్గర్ నా వేలికి లొంగట్లేదు. కాస్త మెత్తన చెయ్యరూ?"

మా బెల్జియం తుపాకుల ఊరు లియేజ్‌లో రివాల్వర్లకు మెరుగు పెట్టి బతికే మరదలు ఒడీల్, పాత రివాల్వర్ ఒకటి తెచ్చి నా తుపాకుల మరమ్మతు బల్ల మీద పెట్టింది. ఆదివారం ఆమె మొగుడు, నా తమ్ముడు సెర్వే, జైలు నుంచి వస్తున్నాడు. వాణ్ణి పట్టించింది ఆమే.

"తమ్ముడి మీదకని చెయ్యనంటారా?"

"తమ్ముడైతే నెత్తిన పెట్టుకోవాలా? వాడు నీ దవడ విరగ్గొట్టిన రోజు నేనూ చూశాగా. ఇలా తే."

లోపలి స్ప్రింగు ఊడదీసి, ఆకురాయితో పల్చగా అరగదీసి, మళ్లీ బిగించాను. ఖాళీ రివాల్వర్‌ను ఆమె చేతికిచ్చాను. ఒక్క వేలితో నొక్కింది. తూటాల చక్రం తిరిగింది, సుత్తి టక్కున పడింది.

"అమ్మయ్య! వెన్నలా ఉంది బావగారూ!"

ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది. నాకోసం చేసి తెచ్చిన తీపి బియ్యపు టార్ట్ నా ముందు పెట్టి, ఆరు తూటాలూ నింపుకుని వెళ్లింది.

పాపం, ఇరవై ఏళ్లుగా రివాల్వర్లకు పైపై మెరుగే పెట్టింది, లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు. అంత పల్చటి స్ప్రింగుకు సుత్తిని పడేసే బలం ఉంటుంది గానీ, తూటాను పేల్చే బలం ఉండదు.

టార్ట్‌లో సగం కోసి పక్కన దాచాను. ఆదివారం పని ముగించుకుని సెర్వే ఆకలిగా వస్తాడు.