పొడుగు చేతుల చొక్కా

కారు బడి గేటు దాటుతుండగా రచయిత్రి తన కూతురి మణికట్టు దగ్గర గుండీ ఇంకోసారి సరిచూసింది.

“ఎంత ఉక్కపోసినా ఇది తియ్యకు.”

“తియ్యనులేమ్మా.”

“ఎవరైనా చూపించమంటే?”

“‘అవి చూపించేవి కావు’ అనాలి.”

“అలా మొహం మాడ్చుకుని కాదు. చిన్నగా నవ్వి అను.”

కూతురికి పద్దెనిమిదేళ్లు. మండుటెండల్లో పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తిరగడం మొదలై ఏడాదైంది. అమ్మ నవల వచ్చిందీ అప్పుడే. అంతకుముందు ఆవిడ రాసిన ఆరు నవలల్నీ చెదపురుగులు తప్ప ఎవరూ చివరిదాకా చదవలేదు. ఏడోది వేరు. ఒక పదిహేనేళ్ల పిల్ల తన చేతుల్ని తానే గాయపరచుకుంటూ, ఆ అలవాటు నుంచి పడుతూ లేస్తూ బయటపడ్డ కథ. అట్ట మీద ‘ఇది నా కూతురి కథ’ అని ఎర్రటి అక్షరాలు. ఆ నాలుగు మాటల పుణ్యమా అని ఊళ్లో బళ్లన్నీ తల్లీకూతుళ్లను పోటీలు పడి పిలుస్తున్నాయి.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని, గాలి హెడ్మాస్టరు దాకా వచ్చి ఆగిపోతోంది.

“కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు,” అంది రచయిత్రి మైకులో. “మీ కోసం నేను చించుకున్నాను.”

చప్పట్లు మోగాయి. తర్వాత కూతురు ఏడో అధ్యాయం చదివింది. చదవడమేమిటి, పుస్తకం వంక చూడకుండా పొల్లుపోకుండా అప్పజెప్పింది. కథలో డాక్టరమ్మ ‘నువ్వు ఒంటరివి కావు’ అనే చోట ఆగి, కళ్లు దించి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి మళ్లీ అందుకుంది. లెక్కల టీచరు ముక్కు చీదింది. ప్రతి బళ్లోనూ ఎవరో ఒకరు సరిగ్గా అక్కడే చీదుతారు.

సభ అయ్యాక పిల్లలు సంతకాల కోసం రచయిత్రి మీద విరుచుకుపడ్డారు. ఒక పిల్ల మాత్రం కూతురి దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి ఉంటుంది. బడంతా పొట్టి చేతుల చొక్కాల్లో ఉడికిపోతుంటే ఆ పిల్ల స్వెట్టర్ వేసుకుంది.

“అక్కా, నిజంగా మానిపోతాయా?”

కూతురు ఆ స్వెట్టర్ వంక చూసింది. ఇన్ని బళ్లు తిరిగినా ఈ మాట ఇంత నెమ్మదిగా ఎవరూ అడగలేదు.

“మానిపోతాయి,” అంది.

“పుస్తకం మూడుసార్లు చదివానక్కా. మా అమ్మకి చెబుదామనుకుంటా, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నీ చెయ్యి ఒక్కసారి చూపించవా? మానినవి కళ్లతో చూస్తే ఇవాళే ఇంటికెళ్లి చెప్పేస్తా. ఒట్టు.”

కూతురి వేళ్లు గుండీ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయాయి. నేర్చుకున్న జవాబు వదిలేసి పిల్ల దగ్గరికి వంగింది.

“నా చెయ్యి సంగతి వదిలెయ్. మీ అమ్మకి చెప్పు. ఇవాళే…”

అంతలో రచయిత్రి వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

“తప్పు బంగారూ. అలా అడక్కూడదు. అవి చూపించేవి కావు.”

చిన్నగా నవ్వి మరీ అంది.

పిల్ల మొహం చిన్నబోయింది. స్వెట్టర్ అంచుల్ని అరచేతుల దాకా లాక్కుంది.

“సరే ఆంటీ,” అంది బుద్ధిగా. “నేనూ ఎవరికీ చూపించను.”

“మంచిపిల్ల!” అని రచయిత్రి ఆ పిల్ల పుస్తకం మీద ‘ధైర్యంగా ఉండు’ అని రాసి, కింద వంకీలు తిప్పి సంతకం పెట్టింది.

కారెక్కాక ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“గుండీ మీద చెయ్యి పెట్టి ఆగావు చూడూ, అదిరిపోయిందే! రేపు కూడా అలాగే చెయ్యి.”

కూతురు కిటికీ అద్దం దించింది. గేటు దగ్గర స్వెట్టర్ పిల్ల, వాళ్ల అమ్మ నడిపే స్కూటర్ వెనక ఎక్కుతోంది.

“ఏమ్మా, అలా ఉన్నావ్?” అని ఆ తల్లి వెనక్కి తిరిగి అడుగుతోంది.

“ఏం లేదమ్మా,” అంది పిల్ల.

స్కూటర్ మలుపు తిరిగిపోయింది. కూతురు గుండీలు విప్పి, చొక్కా చేతులు రెండూ మోచేతుల పైదాకా మడిచింది. పుట్టి బుద్ధెరిగాక తన చేతుల మీద మానడానికి ఒక్క గీత కూడా పడలేదు.