గోడలోని గొంతు

ఏ ఇంట్లో ఎవరి మాట వింటారో, ఆ గొంతుతోనే గోడపెట్టెలు తుపాను హెచ్చరికలు చెప్పే రోజులవి. నూకరత్నం ఇంట్లో పలికేది ఆమె భర్త ఎర్రయ్య గొంతు. కిందటేడు తుపాను తగ్గిందని బయటికెళ్లి, గోడ కూలి అతను చనిపోయాడు.

"తుపాను బలహీనపడినది. అయినను ఎవరూ బయటకు వెళ్లరాదు," అంది పెట్టె.

అత్త గడియ మీద చెయ్యి వేసింది. "బలం తగ్గిందంట. మేకని ఇప్పుకొత్తాను."

"ఒద్దత్తా! నీ కొడుకు సెప్తన్నాడు కదా!"

"ఆడు ‘వెళ్లరాదు’ అంటాడేటే? నా కొడుకు మాట కాదిది."

బయట ఏదో ఫెళ్లున విరిగింది. ఇంటి రేకులు లేచి పడ్డాయి. నూకరత్నం పెట్టె పక్కకు జరిగి ఎర్రయ్యలా గొంతు బొంగురు చేసింది.

"ఓలమ్మా, ఎల్లకే. నానొత్తన్నాను."

అత్త చెయ్యి గడియ మీదినుంచి జారింది. గోడవైపు తిరిగి, "బువ్వ తిన్నావేట్రా?" అంది.