ఏడో నంబరు నీళ్ళు

కాగితం మీద పసుపు మరక పడింది. చూస్తుండగానే ముదిరి ఇటుకరంగుకు తిరిగింది.

"ఆనందన్నా, ఇట్లా రా!" నవోమి కేకేసింది. "ఏడో నంబరు నీళ్ళల్లో పాషాణం ఉండాది."

ఆనందబాబు వచ్చి చూశాడు. విషం లేని ఒట్టి నీళ్ళతో పక్కనే ఆమె చేసిన పరీక్షలో కాగితం తెల్లగానే ఉంది. అనుమానానికి చోటు లేదు.

కావలిలోని ఆ చిన్న పరిశోధనశాలకు వాళ్ళిద్దరూ వచ్చి అది రెండో రోజు. వారంపాటు బావినీళ్ళ పరీక్షలు నేర్పి, శనివారం ఒకరిని పనిలో ఉంచుకుంటామని అక్కడి పెద్ద, రంగనాయకులు గారు చెప్పారు. సీసాల మీద నంబర్లే తప్ప ఊళ్ళ పేర్లుండవు. పేరు తెలిస్తే కన్ను మోసం చేస్తుందనేది ఆయన నేర్పిన మొదటి పాఠం.

ఆయన కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "భలే పట్టినావమ్మాయ్! రేపు నా ముందర ఇంకోసారి చెయ్యి. సంతకం పెడతా. పాపం, అక్కడ బావి మూసిపెట్టుకోని మన మాట కోసం చూస్తుండారు."

ఇక పని నవోమికేనని ఆనందబాబుకు అర్థమైంది. బి.ఎస్సీ. అయి రెండేళ్ళు. నిన్ననే వాకాడు నుంచి తండ్రి జకరయ్య కార్డు వచ్చింది. "పని దొరికిందాకా ఇంటికి రాబాక నాయనా. ఇక్కడేమున్నా మేం చూసుకుంటాం."

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు అతను ఒక్కడే వెనక్కి వచ్చాడు. నేర్పడానికి ఉంచిన పాషాణం కలిపిన ద్రావకం రెండు చుక్కలు, నవోమి పరీక్షకు వాడే ఆసిడ్ సీసాలో వేసి, మూత బిగించాడు.

మర్నాడు రంగనాయకులు అన్నారు: "ముందు ఒట్టి నీళ్ళతో చెయ్యమ్మా."

చేసింది. కాగితం ఇటుకరంగుకు తిరిగింది.

"ఒట్టి నీళ్ళకే మరక పడితే ఏందర్థం?"

"నా ఆసిడ్డు చెడిందని సార్. కానీ నిన్న తెల్లగానే ఉండింది!"

"పుస్తకంలో రాసినావా?"

నవోమి పుస్తకం తిరగేసింది. నిన్నటి సంబరంలో రాయడం మరిచింది. చటుక్కున తలెత్తి, "ఆనందన్నా, నువ్వు చూసినావు గదా, చెప్పన్నా!" అంది.

"నేను చూళ్ళేదు" అన్నాడు ఆనందబాబు.

నవోమిని సాయంత్రం రైలుకు సొంతూరు దొరవారిసత్రం వెళ్ళిపొమ్మన్నారు. గడప దగ్గర ఆమె ఆగింది. ఏడవలేదు. "నన్ను పంపిస్తే పంపించండి సార్. ఏడో నంబరు మాత్రం ఇంకోసారి చూడండి. తాగేవాళ్ళుండారు."

"ఆనందబాబు చూస్తాడులే."

అతను చూడలేదు. ఏడో నంబరు సీసా ముందు పెట్టుకుని, పరీక్ష మాత్రం ఒట్టి నీళ్ళతో చేశాడు. మరక పడితే నవోమి మాటే నిజమవుతుంది, తిరిగి పిలిపిస్తారు. ఎక్కడో ఎవరిదో బావి, వాళ్ళకు వేరే బావి లేకపోదులే అని సర్దిచెప్పుకున్నాడు. మల్లెపువ్వులాంటి కాగితం రంగనాయకులకు చూపించి, సీసాలో నీళ్ళు చుక్క మిగలకుండా పారబోశాడు.

నీళ్ళు మంచివేనని ఆ రోజే మనిషి చేత కబురు వెళ్ళింది.

శనివారం రంగనాయకులు అతని భుజం తట్టారు. "ఈ పూటనుంచి నువ్వు మావాడివి. పద్ధతిగా చేసినావు. కబురు అందగానే ఏడో నంబరు వాళ్ళు ఆ పొద్దే బావి తెరిచినారంట, ఇంటిల్లిపాదీ తాగి దండం పెట్టినారంట." బీరువాలోంచి ఒక జాబితా తీసి బల్లమీద పెట్టారు. "ఇదో, మొదటి పని. దీంట్లో చూసి, పుస్తకంలో నంబర్ల పక్కన బావులు గలవాళ్ళ పేర్లు ఎక్కించు."

ఆనందబాబు కొత్త పాళీ సిరాలో ముంచి, గుండ్రటి అక్షరాలతో ఆరు పేర్లు రాశాడు.

ఏడో పేరు వాళ్ళ నాయనది.