మాడు వాసన

తలుపు తట్టింది చందాలవాడే అనుకుంది హెండెల్. ఆంట్‌వెర్ప్‌లో శుక్రవారం సాయంత్రం యూదుల ఇళ్ల తలుపులు తట్టేది వాళ్లే కదా. దీపాలు వెలిగించే వేళ దగ్గరపడుతోంది. పొయ్యిమీద కోడి సూపు ఉడుకుతోంది. లోపలి గదిలో బిడ్డ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చేతికందిన చిల్లర పట్టుకుని విసురుగా తలుపు తీసింది.

బయట నల్లకోటు మనిషి. గుమ్మానికి బిగించి ఉన్న ప్రార్థన గొట్టం, మెజూజాను, వేలితో తాకి, ఆ వేలిని ముద్దు పెట్టుకున్నాడు. మనవాడే, పరవాలేదు.

"హెండెల్ కూతురు గిటెల్ ఉందా అమ్మా?"

"ఎందుకండీ?"

"తీసుకెళ్లాలి."

"ఆస్పత్రి నుంచి వచ్చారా? నేను కబురు చెయ్యలేదే!"

ఆయన బదులు చెప్పేలోపే లోపలి నుంచి బెరిష్ వచ్చాడు. దుప్పటి కప్పుకుని, మోత వినపడకుండా ఎప్పుడూ పెట్టుకునే హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, గోడ పట్టుకు నిలబడ్డాడు. గిటెల్ అని పుట్టినప్పుడు పెట్టిన పేరు వదిలేసి, నేను మగవాణ్ణి, నా పేరు బెరిష్ అని చెప్పి ఏడాది దాటింది. వీధిలో సగంమందికి అలవాటైపోయింది. కన్నతల్లికే కాలేదు.

"లేచొచ్చావేమే? వెళ్లి పడుకోవే!" అని కసిరింది హెండెల్.

బెరిష్ కదల్లేదు. వాడు ఎవరి కళ్లలోకీ చూడడు. పసితనం నుంచీ అంతే, చూపంతా ఎదుటివాళ్ల కాళ్ల మీదే.

"అమ్మా, బయట వాన. ఈయన బూట్లు తడవలేదు" అన్నాడు.

అప్పుడు చూసింది హెండెల్. పొడి బూట్లు. వాటి పైన, కోటు గుండీల సందుల్లోంచి తనవైపే చూస్తున్న కళ్లు. ఒకటా రెండా, ఒళ్లంతా కళ్లే. ప్రాణం తీసేవాడికి ఉంటాయని అమ్మమ్మ చెప్పిన గుర్తే! చేతిలో చిల్లర గడప మీద చెల్లాచెదురైంది.

"గిటెల్ ఇంట్లో లేదు" అంది. "బ్రస్సెల్స్‌లో వాళ్ల పిన్ని దగ్గరుంది."

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ఉల్లిపాయ మాడుతోందమ్మా."

"మా పొయ్యి మీద ఏదీ మాడటం లేదు."

"పొయ్యి మీద కాదులే. ఎవరైనా అబద్ధమాడితే నాకు ఆ వాసనే వస్తుంది."

"అయ్యో, మరిచేపోయాను, పెళ్లి చేసుకుని లండన్ వెళ్లిపోయింది!"

"ఇదిగో, మళ్లీ మాడింది."

హెండెల్ గుమ్మానికి అడ్డంగా జరిగింది. "ఈ ఇల్లు మీకెవరు చెప్పారు?"

"నువ్వేనమ్మా. నిన్న ప్రార్థనలో రోగుల పేర్లు చదివేటప్పుడు 'హెండెల్ కూతురు గిటెల్' అని చదివించలేదూ? పైవాడి చెవిన పడ్డది నా చెవినా పడుతుంది."

ప్రార్థన మందిరంలో రబ్బీ హెండెల్‌కు చెప్పనే చెప్పాడు. 'ప్రాణం మీదికొచ్చినప్పుడు పేరు మార్చడం మన ఆచారమే కదమ్మా. వచ్చినవాడు పాత పేరు మనిషి దొరక్క తిరిగిపోతాడు. నీ బిడ్డ ఆ పని ముందే చేసి పెట్టుకున్నాడు, బెరిష్ అని చదివిద్దాం' అన్నాడు. నలుగురిలో ఆ పేరు పలకడానికి నామోషీ అయింది. చేజేతులా బిడ్డ నెత్తిన నిప్పులు పోసింది!

ఆయన బెరిష్ వైపు తిరిగాడు. "నువ్వేనా గిటెల్?"

హెండెల్ పైప్రాణాలు పైనే పోయాయి. వాడికి అబద్ధం రాదు. అత్త చేసిన కేకు రంపపు పొట్టులా ఉందని అత్త మొహం మీదే అన్న ఘనుడు వాడు.

"కాదు. నేను బెరిష్‌ని" అన్నాడు వాడు బూట్లకేసి చూస్తూ.

ఆయన గాలి పీల్చాడు. తల ఊపాడు. "అబద్ధం లేదు. కానీ నాయనా, రోగిని పిలిచేది తల్లి పేరుతో. అంచేత నాకు తల్లి మాటే లెక్క. చెప్పమ్మా, నీకు కూతురుందా? ఒకే మాట చెప్పు. మాడు వాసన వచ్చిందా, నా దారిన నేను తీసుకుపోతాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉందంటే తీసుకుపోతాడు. లేదంటే వాసన పట్టి తీసుకుపోతాడు. తొమ్మిది నెలలు మోసి, ఆడపిల్ల పుట్టిందని ఊరంతా మిఠాయి పంచి, పదేళ్లు తన చేత్తో జడలల్లిన మనిషి కూతురు లేదనడం కంటే పచ్చి అబద్ధం ఇంకోటి ఉంటుందా?

బెరిష్‌కు దగ్గు తెర వచ్చింది. గోడ మీంచి చెయ్యి జారింది. హెండెల్ ఒక్క ఉరుకున వాడి దగ్గరికి పోయింది. ఎవరు ముట్టుకున్నా వాడికి ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. అందుకని దుప్పటి అంచు మాత్రం గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"అమ్మా, కంగారెందుకు? అడిగినదానికి జవాబు చెప్పు, చాలు" అన్నాడు వాడు.

"లేదు!" అని అరిచింది హెండెల్. "నాకు కూతురు లేదు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. ఇడుగో, వీడే. నా బెరిష్."

పుట్టి బుద్ధెరిగాక ఇంత పెద్ద అబద్ధం ఆడలేదనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆయన గడప దాకా వంగి గాలి పీల్చాడు. నమ్మకం చాలనట్టు మరోసారి పీల్చాడు. తర్వాత కోటు గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

"సూపు బాగా కుదిరినట్టుందమ్మా" అన్నాడు మెట్లవైపు తిరుగుతూ. "ఆ వాసన తప్ప ఇంకేమీ రావడం లేదు."